పాకం కుదిరిన రబ్బరు

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు, అంటే కరెంటుతో నడిచే రేసు కార్లు, పరుగులు పెట్టాయి. జనం వేగం చూశారు. ట్రాఫిక్ మళ్లింపుల్లో ఇరుక్కున్నవాళ్లు తిట్టుకున్నారు. టైర్ల పిచ్చి ఉన్న మాలాంటివాళ్లం మాత్రం చక్రాల వైపే చూస్తూ కూర్చున్నాం. రేసు కారు టైరంటే నున్నగా ఉండాలి కదా, వీటికి మామూలు కారు టైర్లలా గాడులున్నాయేంటి? ఆ పోటీలకి హాంకూక్ సంస్థ ఇచ్చిన టైరు ఒకటే రకం. ఎండకీ వానకీ అదే. రోజూ బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్డు మీద, గంటకు మూడొందల కిలోమీటర్లు దాటగల కారు కోసం చేసిన రాజీ టైరు అది.

మరి అలాంటి రాజీ మన సొంత కారుకి ఎలా? వారమంతా గచ్చిబౌలి ఆఫీసుకి, ఏడాదికి రెండు మూడుసార్లు చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు దగ్గరున్న 3.7 కిలోమీటర్ల ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో వెళ్లే మనిషి ఏ టైరు వేయించుకోవాలి? షాపులో అడిగితే "మెత్తటి రబ్బరైతే గ్రిప్ బాగుంటది సార్, కాకపోతే తొందరగా అరుగుద్ది" అంటారు. అది తప్పేం కాదు. కానీ అసలు కథ మెత్తదనంలో లేదు, వేడిలో ఉంది.

ముందు చిన్న లెక్క. కారు బరువు 1200 కిలోలు అనుకుంటే ఒక్కో చక్రం మీద సగటున 300 కిలోలు. గాలి 32 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 2.25 కిలోలు. భాగిస్తే ఒక్కో టైరు నేలని తాకే మేర 133 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. నాలుగూ కలిపితే 533. జిరాక్స్ షాపులో ఇచ్చే ఏ4 కాగితమే 624. టైరు గోడల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే అనుకోండి. అయినా బ్రేకు వేయడం, మలుపు తిరగడం, వేగం అందుకోవడం అన్నీ ఆ కాగితమంత జాగాలోనే జరగాలి. వెడల్పు టైరు వేస్తే జాగా పెరుగుతుందని చాలామంది నమ్మకం. గాలి అంతే ఉంటే పెద్దగా పెరగదు. నిడివి తగ్గి అడ్డం పెరుగుతుంది, అంతే. పొడి మలుపులో అది మేలు చేస్తుంది. నిలిచిన నీళ్లలో చేయదు.

ఘర్షణ బలం స్పర్శతలాల వైశాల్యంపై ఆధారపడదని స్కూల్లో చదువుకున్నాం. రబ్బరు ఆ పాఠం వినదు. అది రోడ్డుని రెండు రకాలుగా పట్టుకుంటుంది. ఒకటి, అణువుల స్థాయిలో అంటుకోవడం. రెండోది, కంకర మొనల మీద నలిగి, ఆ నలుగుడు నుంచి వెంటనే లేవకపోవడం. రబ్బరు బంతిని నేలకేసి కొడితే ఎగురుతుంది, చపాతీ పిండి ముద్దని కొడితే చతికిలబడుతుంది. రోడ్డు మీద పట్టు కావాలంటే టైరు కొంచెం పిండి ముద్ద వైపు మొగ్గాలి. నలిగినప్పుడు తీసుకున్న శక్తిని తిరిగివ్వకుండా వేడిగా మార్చుకోవాలి. ఈ గుణాన్నే హిస్టరిసిస్ అంటారు. పట్టు ఎక్కువున్న టైరు పెట్రోలు కూడా ఎక్కువ తాగడానికి ఒక కారణం ఇదే.

ఇక వేడి సంగతి. బెల్లం పాకం పట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పొయ్యి మీద మరుగుతున్నప్పుడు పాకం జారిపోతుంది. కాస్త చల్లారితే వేలికి అంటుకుని తీగ సాగుతుంది. పూర్తిగా చల్లారితే పల్లీ చిక్కీలా గట్టిపడి, కొడితే పెళుక్కుమని విరుగుతుంది. పదార్థం ఒకటే, వేడిని బట్టి స్వభావం మూడు రకాలు. రబ్బరూ అంతే. బాగా చల్లబడితే గాజులా బిగుసుకుంటుంది, మరీ వేడెక్కితే బలం తగ్గి పెచ్చులుగా ఊడిపోతుంది. మధ్యలో ఎక్కడో తీగపాకంలా పట్టు కుదిరే మేర ఉంటుంది. రబ్బరు ఘర్షణ వేడితోనూ జారే వేగంతోనూ ఎలా మారుతుందో గ్రోష్ అనే శాస్త్రవేత్త 1963లో కొలిచి చూపించారు. వేర్వేరు వేడిమిల దగ్గర వచ్చిన గ్రాఫు గీతలన్నీ జరిపి పెడితే ఒకే వంపు మీదికి చేరాయి. ఆ వంపు, రబ్బరు శక్తిని మింగే తీరు, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నాయి. టైరు ఇంజనీర్ల పనంతా ఆ వంపు శిఖరాన్ని, అంటే పట్టు అన్నిటికంటే ఎక్కువుండే చోటుని, తమకి కావలసిన వేడి దగ్గరికి జరపడమే.

నున్నటి రేసు టైరుకి ఆ శిఖరం 80, 100 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. బంజారాహిల్స్ సిగ్నళ్ల మధ్య నలభైలో పోయే కారు టైరు అంత వేడి ఎప్పుడు ఎక్కాలి? ట్రాక్ కోసం చేసిన రబ్బరుతో ఆఫీసుకి వెళ్లేవాడు, ముదురు పాకాన్ని చక్రాలకి చుట్టుకుని తిరుగుతున్నట్టే. అవసరపడి బ్రేకు తొక్కిన క్షణానికి అది ఇంకా నిద్రలోనే ఉంటుంది. రోజువారీ ప్రయాణాలకి చేసిన మామూలు టూరింగ్ టైరుది సరిగ్గా ఎదురు సమస్య. రోడ్డు మీద మొదటి కిలోమీటరు నుంచే మెలకువగా ఉంటుంది, ట్రాక్‌లో మూడో ల్యాపుకి, అంటే మూడో చుట్టుకి, జావ అయిపోతుంది.

మన ఎండలకి ఆల్ సీజన్ టైర్లు ఎందుకో నాకు అర్థం కాదు. చలికీ కాస్తంత మంచుకీ పనికొచ్చేలా అమెరికా అవసరాల కోసం చేసిన రాజీ అది. మే నెల మధ్యాహ్నం తారు 60 డిగ్రీలు దాటే చోట, రాని మంచు కోసం పొడి పట్టుని వదులుకోవడం దండగ. న్యూజెర్సీలో ఉన్నవాళ్లకి మాత్రం లెక్క తిరగబడుతుంది. వేడి వాతావరణం కోసం చేసిన సమ్మర్ టైర్లు 7 డిగ్రీల కిందికి వెళ్తే బిగుసుకుంటాయి. గడ్డకట్టే చలిలో కారు కదిపితే రబ్బరు పగలొచ్చని తయారీదార్లే హెచ్చరిస్తారు. చిక్కీ గుర్తుందిగా.

టైరు గోడ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. అమెరికా ప్రభుత్వ నిబంధన ప్రకారం టెక్సాస్ పశ్చిమాన రోడ్ల మీద కార్లు బారులుగా 7,200 మైళ్లు, అంటే దాదాపు 11,600 కిలోమీటర్లు తిరిగి, అరుగుదలని ఒక ప్రామాణిక టైరుతో పోలుస్తాయి. ప్రామాణికానికి 100. రెండింతలు మన్నేదానికి 200. హూసియర్ రేసు టైర్ల మీద 40 కనిపిస్తుంది, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్ మీద 200, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద 300. చిక్కేమిటంటే చివరి అంకె వేసుకునేది కంపెనీయే. అందుకే ఒకే కంపెనీ టైర్లని పోల్చుకోవడానికి పనికొస్తుంది కానీ, వేర్వేరు కంపెనీల మధ్య అది ఇంటర్ కాలేజీల ర్యాంకుల ప్రకటన లాంటిది. అమెరికా రేసింగ్ క్లబ్బులు "200 తగ్గకూడదు" అని గీత గీశాక, గోడ మీద 200 ఉండి నడతలో రేసు టైరుకి దగ్గరగా ఉండే రకాలు బోలెడు పుట్టుకొచ్చాయి.

సైజు గురించి రెండు మాటలు. 205/55 ఆర్16 (వెడల్పు 205 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు) నుంచి 225/45 ఆర్17కి మారితే చక్రం మొత్తం ఎత్తు 632 మిల్లీమీటర్ల నుంచి 634కి వెళ్తుంది, స్పీడోమీటరుకి తేడా తెలియదు. కానీ టైరు గోడ 113 నుంచి 101కి తగ్గుతుంది. ట్రాక్‌లో స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది, గుంతలో పడితే రిమ్ము వంగుతుంది. మీ దారి మీకే తెలుసు. కొనేటప్పుడు తయారీ తేదీ కూడా చూడండి. నాలుగంకెల్లో 2323 అంటే 2023లో 23వ వారం. ఖరీదైన టైర్లు మన దగ్గర నిదానంగా అమ్ముడవుతాయి, షాపులోనే గట్టిపడిపోయేవీ ఉంటాయి.

గాలి దగ్గర నేను దెబ్బతిన్నాను కాబట్టి కాసేపు ఆగుతాను. పొద్దున 27 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ నింపామనుకోండి. నాలుగు ల్యాపులకి లోపలి గాలి 80 డిగ్రీలకి చేరితే పీడనం 40 అవుతుంది. బయటి వాతావరణ పీడనం కూడా కలిపి లెక్కేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. 40 దగ్గర టైరు మధ్యలో ఉబ్బి, అంచులు నేలని సరిగా తాకవు. అందుకే పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటికి, రాగానే 34కి దించుతారు. నేనూ దించాను. టైరు భుజం మీద సుద్దముక్కతో గీత గీసి, అది ఎంతవరకు చెరిగిందో చూసుకుని మురిసిపోయాను కూడా. సాయంత్రం అదే గాలితో ఇంటికి బయల్దేరాను. టైరు చల్లబడితే ఆ 34 కాస్తా 27కి పడిపోతుందని తట్టలేదు. తడ దాటేసరికి వాన. ఎడమ చక్రాలు నీళ్లలోకి దిగిన చోట స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది.

నాసా పరిశోధకులు 1960ల్లో విమానాల టైర్ల కోసం కట్టిన సూత్రం ఒకటుంది. నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగం గాలి పీడనం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 32కి గంటకు దాదాపు 94 కిలోమీటర్లు, 27కి 87. మంచి గాడులున్న కారు టైరు ఇంకొంచెం ఓర్చుకుంటుంది, అరిగినది ఓర్చుకోదు. చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు చాలంటుంది. ట్రాక్ రకం టైర్లలో గాడులే తక్కువ, కాబట్టి ఆ గీత చేరకముందే వానలో భయపెడతాయి.

ఇప్పుడు నా కారుకి 300 అంకె ఉన్న సమ్మర్ టైర్లున్నాయి. మిగిలిన డబ్బు బ్రేకు ప్యాడ్లకీ, మంచి బ్రేకు ఆయిలుకీ పెట్టాను. ఏడాదికి పదిసార్లు ట్రాక్‌కి వెళ్లేవాళ్లైతే వేరే రిమ్ముల మీద 200 రకం బిగించుకుని తీసుకెళ్లడమే నయం. నాకు అంత సీను లేదు. పైగా రేసు టైరు పట్టు వదిలేటప్పుడు చాలాసార్లు చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. రోడ్డు టైరు ముందే కీచుమని మూలుగుతుంది, తర్వాత మెల్లగా జారడం మొదలుపెడుతుంది. శ్రీపెరుంబుదూరులో నాలుగో ల్యాపు చివర్లో ఆ కూత బొంగురుపోయి, కారు ముక్కు మలుపు బయటికి నెట్టుకుపోతుంటే పాకం జారిందని అర్థం. ఒక ల్యాపు నెమ్మదిగా తిప్పి పిట్‌లోకి వచ్చేస్తాను. డిక్కీలో ఇప్పుడు గాలి పంపు ఉంది.