50 గుడ్ల లెక్క: నులిపురుగులు, ఎలర్జీ వాదం వెనక ఉన్న పరిశోధన

కడుపులో పురుగులుంటే ఎలర్జీ రాదని, అందుకే పిల్లలకు ఏటా ఆల్బెండజోల్ మాత్రలు మింగించడం మంచిది కాదని వాదించేవారూ, ఆ పురుగులనే మందుగా అమ్ముకునేవారూ సాక్ష్యంగా చూపేది తరచూ ఒకే చోటును: ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పరాన్నజీవుల ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) ఆచార్యుడిగా పనిచేసిన డేవిడ్ ప్రిచర్డ్ పరిశోధనను. శుభ్రత పెరిగిన ఇళ్లలో ఎలర్జీలు పెరుగుతాయన్న 1989 నాటి సిద్ధాంతం అందరికీ తెలిసిందే గనుక దాన్ని వదిలేద్దాం. ఇప్పటి వాదానికి మూలం ఒక అంకెలో ఉంది.

2001లో ఆయన పాలుపంచుకున్న బృందం ఇథియోపియాలోని జిమ్మా ప్రాంతంలో చేసిన అధ్యయనం లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. కొంకి పురుగులు (హుక్‌వర్మ్ అనే నులిపురుగులు) బాగా ఉన్నవారిలో ఉబ్బసపు పిల్లికూతలు తక్కువని అది చెప్పింది. గ్రాము మలానికి కనీసం 50 గుడ్లు కనిపించే స్థాయిలో పురుగులుంటేనే ఉబ్బసం నుంచి రక్షణ ఉండవచ్చని ఇలాంటి క్షేత్ర పరిశీలనల నుంచి ఒక గీత గీసుకున్నారు. అంతమేరకు పురుగులు మనిషిలో నిలవాలంటే ఎన్ని లార్వాలు (పురుగు పిల్లలు) ఎక్కించాలన్నది తర్వాతి ప్రశ్న. రోగులను ముట్టుకునే ముందు అది ప్రమాదం లేనిదని చూపాలి గనుక, 2004లో ప్రిచర్డ్ లార్వాలు పాకుతున్న కట్టును తన చేతికే చుట్టుకుని కొన్ని రోజులు విప్పకుండా ఉంచారు. అవి చర్మంలోకి దూరేటప్పటి దురద మాటల్లో చెప్పలేనిదని తర్వాత అన్నారు. లార్వాలు రక్తంతో ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి ఎక్కి, మింగుడుపడి, చిన్నపేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతాయి. 50 లార్వాలు ఎక్కించుకున్నప్పుడు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. చివరికి ఆ 50 గుడ్ల స్థాయికి 10 లార్వాలు చాలని 2006లో ప్రకటించారు.

ఆ తర్వాత జరిగిందంతా ఈ 10లోనే ఉందని నా అభిప్రాయం. 32 మంది ఉబ్బస రోగులపై 16 వారాలు జరిపి 2010లో ప్రచురించిన పరీక్షలో పురుగులు ఎక్కించుకున్నవారికీ ఉత్తుత్తి మందు పొందినవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయినా ఈ పరీక్షల్లో పురుగులు పొందినవారిలో చాలామంది వాటిని ఉంచుకుంటామన్నారట. అమ్మకందారుల ప్రచారానికి పట్టు దొరికేది ఇలాంటి చోటే. జిమ్మా జనం పుట్టినప్పటి నుంచీ పురుగుల మధ్య బతికినవారు, నాటింగ్‌హామ్ వాలంటీర్లు ఒక్కసారి పది లార్వాలు ఎక్కించుకుని నాలుగు నెలలు కూడా నిండకముందే ఫలితం చెప్పవలసి వచ్చినవారు. గుడ్ల లెక్క సరిపోయినంత మాత్రాన రెండు ఒళ్లూ ఒకటి కావు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1980ల చివర్లో ప్రిచర్డ్ పాపువా న్యూగినీలో చూసింది మరోటి. ఎలర్జీకి కారణమయ్యే ఐజీఈ అనే యాంటీబాడీ ఎక్కువగా ఉన్నవారిలో పురుగులు బరువు తగ్గి, గుడ్లు తక్కువ పెడుతున్నాయని 1995లో ఆయన బృందం రాసింది. అంటే ఐజీఈ మనకు పురుగులతో పోరాడే ఆయుధం కూడా. పురుగు బతకాలంటే ఆ ఆయుధాన్ని అణచాలి. ఎలర్జీ నుంచి ఉపశమనం ఉంటే అది ఆ అణచివేతకు దక్కే పక్క లాభమే. అన్ని పురుగులూ ఈ పని చేయవు. 2006లోనే వచ్చిన ఒక సమీక్షలో కొంకి పురుగు ఉన్నవారికి ఉబ్బసం తక్కువని తేలితే, ఏలికపాము ఉన్నవారికి ఎక్కువని తేలింది. అందుకని "పురుగులు మంచివి" అన్న మాటకు శాస్త్రంలో అర్థం లేదు. ఏ పురుగు, ఎంత కాలం అన్నది చెప్పాలి. రక్తహీనతతో బాధపడే గర్భిణికి కొంకి పురుగు ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మన బడుల్లో, అంగన్‌వాడీల్లో 2015 నుంచి ఫిబ్రవరి 10న వేస్తున్న మాత్ర సంగతి. దానివల్ల ఎలర్జీ పెరుగుతుందా అన్నదానికి దగ్గరి జవాబు కూడా నాటింగ్‌హామ్ బృందం నుంచే వచ్చింది. వియత్నాం పల్లెల్లో 1,566 మంది బడిపిల్లలలో సగం మందికి పురుగుల మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి ఏడాది గమనించి 2010లో ఫలితం ప్రచురించారు. మందు మింగినవారిలో ఎలర్జీని పసిగట్టే చర్మ పరీక్షలో పొక్కు లేచేవారు పెరిగారు. ఉబ్బసం గానీ, ముక్కు కారడం గానీ, తామర గానీ పెరగలేదు. మాత్రలను తప్పుపడుతూ ఈ అధ్యయనాన్ని ఎత్తిచూపేవారు సాధారణంగా ఆ పొక్కుల మాట దగ్గరే ఆగిపోతారు.