ప్రోస్టేట్ ఎమ్మారై ‘క్లియర్’ వచ్చిందా? అపోహలు - వాస్తవాలు

ప్రోస్టేట్ గ్రంథి ఎమ్మారై రిపోర్టులో ‘పైరాడ్స్ 2’ (క్యాన్సర్ అనుమానానికి అయిదుకు వేసే మార్కు, 2 అంటే అనుమానం తక్కువ) అని కనబడగానే ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకుంటారు. ఆ తర్వాత పీఎస్ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష వైపు కన్నెత్తి చూడరు. స్కాన్లు చదివి సంతకం పెట్టే రేడియాలజిస్టుగా నాకు వారం వారం ఎదురయ్యే తంతు ఇది.

అపోహ: ఎమ్మారైలో ఏమీ కనబడకపోతే క్యాన్సర్ లేనట్టే.

వాస్తవం: అనుమానించాల్సిన మచ్చ కనబడలేదని మాత్రమే అర్థం. బ్రిటన్‌లో చేసిన ప్రామిస్ అధ్యయనం 2017లో వచ్చింది. అందులో 576 మందికి ముందు ఎమ్మారై తీశారు, స్కాన్ ఏం చెప్పినా సరే అందరికీ గ్రంథి మొత్తం 5 మిల్లీమీటర్లకో ముక్క చొప్పున బయాప్సీ చేశారు. స్కాన్ బాగుందన్న వాళ్లలో నూటికి 89 మందికి పట్టించుకోవాల్సిన క్యాన్సర్ లేదు. మిగతా 11 మందికి ఉంది. అలాగని స్కాన్ దండగ అనకండి, అదే అధ్యయనంలో మామూలు అల్ట్రాసౌండ్ బయాప్సీ అలాంటి క్యాన్సర్లలో సగానికి పైగా వదిలేసింది.

ఎందుకు తప్పిపోతుంది? కణాలు దట్టంగా ఉన్నచోట నీటి కదలిక తగ్గుతుంది, నీటి కదలికను చూపే డిఫ్యూజన్ చిత్రంలో ఆ చోటు మెరుస్తుంది. కొన్ని క్యాన్సర్లు గడ్డకట్టవు. పాలల్లో నీళ్లలా మంచి కణజాలంలో కలిసిపోతాయి, ఇక మెరిసేదేముంది? క్రిబ్రిఫార్మ్ రకం (మైక్రోస్కోపులో జల్లెడలా కనబడేది) ప్రమాదకరమైనదే, అదీ ఒక్కోసారి కనబడదు. బీపీహెచ్‌తో, అంటే వయసుతో వచ్చే క్యాన్సర్ కాని వాపుతో ఉబ్బిన గ్రంథిలో ఆ గడ్డల మధ్య చిన్న క్యాన్సర్‌ను వేరుచేసి చూడటం అనుభవజ్ఞులకే కష్టం. పురీషనాళంలో గ్యాస్ నిండినా, తుంటిలో లోహపు కీలు ఉన్నా చిత్రం వంకరపోతుంది. స్కాన్‌కు ముందు విరేచనానికి వెళ్లి రమ్మనేది ఊరికే కాదు.

ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారికి స్కాన్ మామూలుగానే వచ్చింది. అయినా యూరాలజిస్టు బయాప్సీ అన్నారు. అమెరికా నుంచి కొడుకు నాకు ఫోన్ చేసి, “క్లియర్ అని మీరే రాశారు కదా డాక్టర్ గారూ, మళ్లీ సూదులెందుకు? బిల్లు కోసమేగా?” అన్నాడు. ఒళ్లు మండింది. కానీ అంత దూరాన ఉన్నవాడి కంగారు కూడా అర్థమైంది. మాస్టారినే పిలిచి చెప్పాను: మీ పీఎస్ఏ 8.4, గ్రంథి 35 సీసీ, భాగించండి. ఆయన రిపోర్టు కవరు మీదే లెక్క వేశారు: 0.24. గ్రంథి సైజుకు పీఎస్ఏ ఎక్కువగా ఉందా అని చూసే ఈ లెక్క 0.15 దాటితే స్కాన్ బాగున్నా బయాప్సీ గురించి ఆలోచించాలన్నాను. “మరి ఎప్పుడు రమ్మంటారండీ?” అన్నారు. బయాప్సీలో గ్లీసన్ 3+4, అంటే మధ్యస్థ తీవ్రత ఉన్న క్యాన్సర్ వచ్చింది. వైద్యం జరుగుతోంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పైరాడ్స్ 4 అంటే నాలుగో స్టేజీ కాదు మహాప్రభో, అది అనుమానానికి వేసే మార్కు. సూది తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్నది వాట్సాప్ వైద్యం. 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) మిషన్ లేదని దిగులొద్దు, సరిగ్గా తీస్తే 1.5 టెస్లాతోనూ పని జరుగుతుంది.

రిపోర్టులో గ్రంథి సైజు సీసీల్లో లేకపోతే అడిగి రాయించుకోండి. బయాప్సీ వద్దనుకున్నా, పీఎస్ఏ మళ్లీ ఎప్పుడు చేయించాలో తేదీ వేయించుకునే బయటికి రండి. ఈసారి స్కాన్‌కు వచ్చేటప్పుడు పాత స్కాన్ సీడీ కూడా తెండి, కాగితం ఒక్కటే చాలదు.