కాయిల్‌కి రెండు వైర్లు

చిరంజీవులు చిన్నీ, బాబీలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో బాబీ అడిగాడు కదా, షెడ్డులో ఉన్న అంబాసిడర్‌కి కాయిల్ మార్చేటప్పుడు ఏ వైరు ఎటో ఎలా గుర్తుపెట్టుకుంటావు తాతయ్యా అని. గుర్తుపెట్టుకోను రా. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే వైరు ఎటు పోవాలో దానంతటదే తెలుస్తుంది. ఫోన్‌లో చెప్తే సరిగ్గా అర్థం కాదని రాస్తున్నాను.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ఇంజన్‌లో పెట్రోలును అంటించే స్పార్కు ప్లగ్గు కొన దగ్గర నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. పెంచే పని కాయిల్‌ది. బానెట్ ఎత్తగానే కనిపించే ఆ గుండ్రటి డబ్బాలో ఇనప రేకుల కడ్డీ చుట్టూ రెండు తీగలు ఉంటాయి. లావు తీగ కొన్ని వందల చుట్లు. వెంట్రుకంత సన్న తీగ వేల చుట్లు, ఇరవై వేల దాకా.

చాలామంది పొరబడేది ఇక్కడే. కరెంటు ఇచ్చినప్పుడు నిప్పురవ్వ వస్తుందనుకుంటారు. కాదు, కరెంటు తెగినప్పుడు వస్తుంది. పొలంలో మోటారు కట్టేయగానే పైపు దడేల్‌మని కొట్టుకోవడం విన్నారుగా? పారే నీళ్లు ఉన్నపళంగా ఆగితే ఆ ఊపు ఊరికే పోదు. ఇక్కడా అంతే. లావు తీగలో కరెంటు పారుతున్నంతసేపూ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. కరెంటు తెగగానే అది ఒక్కసారిగా కూలిపోయి సన్న తీగలో వేల వోల్టులు పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. చిన్నీ, నీ సైన్సు పుస్తకంలో ఉంటుంది, తీసి చూడు.

కరెంటును తెంపేవి డిస్ట్రిబ్యూటర్‌లోని (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డబ్బా అది) పాయింట్లు, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే రెండు లోహపు మొనలు. అవి తెరుచుకునే సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. పక్కన కండెన్సర్ (కరెంటును కాసేపు తనలో దాచుకునే చిన్న డబ్బా) లేకపోతే ఆ సందులోనే మెరుపులొచ్చి పాయింట్లు మాడిపోతాయి, కరెంటూ ఠక్కున తెగదు. మన నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 సార్లు అవి తెరుచుకోవాలి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక వైర్ల సంగతి. ముందు బ్యాటరీని కారు బాడీకి కలిపే ఎర్త్ కేబుల్ తీసేయాలి. మన బండిలో బ్యాటరీ మైనస్ బాడీకి ఉంది. కాబట్టి ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే తెల్ల వైరు కాయిల్ ప్లస్‌కి, డిస్ట్రిబ్యూటర్‌కి పోయే వైరు మైనస్‌కి. కాయిల్ నడిమి బుడిపె నుంచి లావు వైరు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్యలోకి. నట్టు బిగించేటప్పుడు కింది నట్టును ఇంకో స్పానర్‌తో పట్టుకోవాలి. లేకపోతే బోల్టు తిరిగి లోపలి తీగ తెగుతుంది, కొత్త కాయిల్ అక్కడికక్కడే దండగ.

పాత కాయిల్స్ మీద ప్లస్, మైనస్ బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటుంది. స్విచ్, కాంటాక్ట్ బ్రేకర్ అని అర్థం. అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలంలో బ్రిటిష్ కార్లు చాలావాటికి బ్యాటరీ ప్లస్సే బాడీకి ఉండేది. అలాంటి బండికి చేసిన కాయిల్ మన బండికి పెడితే వైర్లు తిప్పి కలపాలి.

ఇది తెలియక ఒకసారి ఇబ్బంది పడ్డాను. మీ నాన్న చిన్నప్పుడు శ్రీశైలం బయల్దేరాం. ముందురోజు రాత్రి పాత సామాన్ల కొట్లో కొన్న కాయిల్ బిగించి, అక్షరాలు చూసి వైర్లు కలిపాను. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. ఊళ్లో, రోడ్డు మీద ఏ తేడా లేదు. ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే మిస్సింగ్, అంటే నిప్పురవ్వ సరిగ్గా పడక ఇంజన్ తడబడటం. టైరు కింద రాయి పెట్టి బానెట్ ఎత్తి నిలబడ్డాం. మీ నాయనమ్మకి ఒకటే టెన్షన్. వెనకొచ్చిన లారీ డ్రైవరు దిగి, కాయిల్ వంక చూసి, రెండు వైర్లూ అటుదిటు మార్చాడు. బండి మారుమాట లేకుండా కొండెక్కింది.

ఎందుకంటారా? ప్లగ్గులో నడిమి కడ్డీ బాగా వేడెక్కుతుంది. వేడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా దూకుతాయి. వైర్లు తారుమారైతే చల్లగా ఉన్న అవతలి కొన నుంచి దూకాల్సి వస్తుంది, దానికి ఇంకా ఎక్కువ వోల్టేజి కావాలి. మామూలు రోడ్డు మీద ఎలాగో నెట్టుకొస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, ఆ వోల్టేజి చాలదు.

ఇంకొకటి. ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయొద్దు. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉండి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

సెలవులకి రండి. క్యాప్ తీసి, ఇంజన్‌ని చేత్తో తిప్పుతూ పాయింట్లు తెరుచుకోవడం చూపిస్తాను. సందు కొలిచే రేకు బాబీ చేతికే ఇస్తాను.

మీ తాతయ్య