ట్యూబ్‌లైటు కింద సోలార్ ప్యానెల్: వోల్టేజీ ఉంది, కరెంటేది?

"ఆన్‌లైన్‌లో కొన్న 6 వోల్టుల, 1 వాట్ సోలార్ ప్యానెల్‌ని ట్యూబ్‌లైటు కింద పెడితే మల్టీమీటర్ 3 వోల్టులు చూపించింది సార్, సెన్సర్ బోర్డు తగిలించగానే సున్నాకి పడిపోయింది, ప్యానెల్ పోయిందంటారా?" అని ఒక డిప్లొమా కుర్రాడు అడిగాడు. ప్యానెల్ నిక్షేపంగా ఉంది. ప్రశ్న మాత్రం బంగారం లాంటిది.

ముందు కంటిని నమ్మడం మానేయాలి. మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్స్ (వెలుతురుకి కొలత). లైటు వేసిన హాల్లో మహా అయితే 200. అయిదు వందల రెట్ల తేడా, అయినా కన్ను సర్దుకుపోతుంది కాబట్టి మనకి "గది వెలుగ్గానే ఉంది" అనిపిస్తుంది. శక్తి లెక్కలో పరిస్థితి ఇంకా ఘోరం. ఎండలో చదరపు మీటరుకి 1000 వాట్లు, 200 లక్స్ ఎల్ఈడీ వెలుతురులో 0.6 వాట్లు. అంటే 1600 రెట్లు తక్కువ. సోలార్ సెల్ ఎలా పనిచేస్తుందో నేను మళ్ళీ చెప్పను, ఇంటర్ పుస్తకంలో ఉంది. ఎంట్రన్స్ కోచింగులో ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ లెక్క అర నిమిషంలో కొట్టేసే పిల్లల్ని, నువ్వు కూర్చున్న గదిలో ఎన్ని లక్స్ ఉన్నాయని ఒక్క మాస్టారూ అడగరు, అదే నా బాధ.

వెలుతురు 1600 రెట్లు తగ్గితే కరెంటు కూడా అంతే తగ్గుతుంది. ఎండలో 170 మిల్లీ ఆంపియర్లు ఇచ్చే ఆ ప్యానెల్ ఇంట్లో పుట్టించేది సుమారు 100 మైక్రో ఆంపియర్లు. వోల్టేజీ మాత్రం లాగరిథమ్ లెక్కన నెమ్మదిగా దిగుతుంది: కాంతి పది రెట్లు తగ్గితే ఒక్కో సెల్ దగ్గర 60 మిల్లీ వోల్టులు పోతాయి, అంతే. ఆ లెక్కన 12 సెల్స్ కలిపి ఇంట్లో కూడా 5 వోల్టుల దాకా రావాలి. మీటర్ 3 దగ్గరే ఎందుకు ఆగింది?

లీకు వల్ల. చిల్లు కుండని కొళాయి కింద పెట్టండి. ధార జోరుగా పడుతుంటే సన్న చిల్లుని ఎవరూ పట్టించుకోరు, కుండ నిండి పొర్లుతుంది. అదే కొళాయి బొట్టుబొట్టుగా కారుతుంటే, పడే నీళ్ళూ చిల్లులోంచి పోయే నీళ్ళూ సమానమయ్యే చోట మట్టం నిలిచిపోతుంది. మట్టం ఎంత పెరిగితే చిల్లు దగ్గర ఒత్తిడి అంత ఎక్కువ కాబట్టి, అది ఆ పైకి వెళ్ళదు. ప్యానెల్‌లో ఆ చిల్లు పేరు షంట్ రెసిస్టెన్స్. అది 30 కిలో ఓములు అనుకోండి: 3 వోల్టుల దగ్గర లోపలే కారిపోయేది సరిగ్గా 100 మైక్రో ఆంపియర్లు, అంటే పుట్టిందంతా! మీటర్ చూపించింది ఆ నిలిచిన మట్టాన్ని. నీళ్ళున్నాయి కదా అని బిందె ముంచితే ఏముంటుంది? ఎండలో అయితే 170 మిల్లీ ఆంపియర్లలో అదే చిల్లు తినేది 0.2, ఎవరికీ తెలియను కూడా తెలియదు.

పైగా కుర్రాడి బోర్డు మీద పవర్ ఉందని చూపించే ఎర్ర ఎల్ఈడీ ఒకటి ఉంది. అదొక్కటే 1 మిల్లీ ఆంపియర్ పైన లాగుతుంది, అంటే రాబడికి పది రెట్లు. పక్కనున్న, వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఇంకో అయిదు మిల్లీ ఆంపియర్లు. వైఫై సంగతి సరేసరి, వంద మిల్లీ ఆంపియర్ల పైమాటే.

మరి కాలిక్యులేటర్ ఎలా నడుస్తోంది? దాని మీది గోధుమరంగు పట్టీ అమార్ఫస్ సిలికాన్, అంటే స్ఫటికంగా పేరుకోని సిలికాన్, 1980లో సాన్యో అమ్మకానికి తెచ్చిన రకం. ఎల్ఈడీ వెలుతురులో కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ దాదాపు ఉండదు. డాబా మీది స్ఫటిక సిలికాన్ బ్యాండ్ గ్యాప్ (సెల్‌లో ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి) 1.1 ఎలక్ట్రాన్ వోల్టులే, అది ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా పట్టుకోడానికి తయారైన సెల్, ఇంట్లో ఆ తెలివి దండగ. అమార్ఫస్‌ది 1.7, గదిలోని కాంతికి బాగా దగ్గర, చీకటి కరెంటు (వెలుతురుతో పనిలేకుండా సెల్ లోపలే కారిపోయేది) తక్కువ. 5.3 × 2.5 సెంటీమీటర్ల పట్టీ 200 లక్స్ దగ్గర 3 వోల్టులు, 18.5 మైక్రో ఆంపియర్లు ఇస్తుంది. 55 మైక్రోవాట్లు! (గాల్లోంచి ఉచితంగా కరెంటు తీసి బల్బు వెలిగించే వీడియోలు ఎవరైనా పంపిస్తే ఎన్ని మైక్రోవాట్లని అడిగి చూడండి, సమాధానం రాదు, ఇంకో వీడియో వస్తుంది.)

ఈ పట్టీతో సెన్సర్ నడపాలంటే, ఆ 55 ని తగిన వోల్టేజీకి మార్చే చిప్పుకీ సొంత చిల్లుంటుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ బీక్యూ25570 తనకోసం తినేది అర మైక్రో ఆంపియర్ లోపే. ప్రతి 16 సెకన్లకి ఒకసారి సెల్‌ని విడదీసి ఖాళీ వోల్టేజీ కొలిచి, అందులో 80 శాతం దగ్గర పనిచేయిస్తుంది. అంతా పోను మన చేతికి 40 మైక్రోవాట్లు వచ్చాయనుకుందాం. ఆఫీసులో 8 గంటలు లైట్లుంటే రోజుకి 1.15 జౌళ్ళు.

ఇప్పుడు ఖర్చు. నిద్రపోతున్న బ్లూటూత్ చిప్పుకి 2 మైక్రో ఆంపియర్లు, 3 వోల్టుల దగ్గర 6 మైక్రోవాట్లు. ఒకసారి లేచి, ఉష్ణోగ్రత చూసి, కబురు పంపడానికి సుమారు 200 మైక్రోజౌళ్ళు. లైట్లు ఆర్పిన 16 గంటలకి కరెంటు దాచుకోడానికి 0.22 ఫారడ్ సూపర్ కెపాసిటర్ పెడదాం, 3.3 నుంచి 2 వోల్టులకి దిగేలోపు 0.76 జౌళ్ళు ఇస్తుంది. నిద్రకి 0.35, నిమిషానికొక కబురు చొప్పున 0.19, మొత్తం 0.54, హాయిగా సరిపోయింది అనుకునేలోపు కెపాసిటర్ చిల్లు గుర్తొస్తుంది. దాని లీకేజీ ఇంకో 2 మైక్రో ఆంపియర్లు, అంటే నిద్ర ఖర్చు రెట్టింపు, తెల్లారేలోపు 0.88 కావాలి. చాలదు. అయిదు నిమిషాలకొక కబురు పంపితే 0.73, గట్టెక్కుతాం. విచిత్రం ఏంటంటే పంపడంలో పొదుపు చేయడం మన చేతిలో పనే, అసలు దొంగలు మాత్రం ఏ పనీ చేయకుండా కారిపోతున్నవి. చాలామంది రేడియోని పట్టుకుని వేలాడతారు. నేనైతే ముందు కెపాసిటర్ లీకేజీ చూస్తాను.

అసలు తలనొప్పి ఆదివారం. శనివారం సాయంత్రం ఆర్పిన లైట్లు సోమవారం ఉదయం దాకా వెలగవు, 40 గంటలు. మన కెపాసిటర్ ఆదివారం మధ్యాహ్నానికే ఖాళీ. పెద్దది పెడదామంటే పెద్దదానికి పెద్ద లీకు. ఇలాంటి చోట చిన్న రీచార్జబుల్ లిథియం సెల్ నయం. ఖాళీ అయిపోయిందా, సోమవారం కోల్డ్ స్టార్ట్: పూర్తి 40 మైక్రోవాట్లూ అందినా సున్నా నుంచి 2 వోల్టులకి ఎక్కడానికి 3 గంటలు, కోల్డ్ స్టార్ట్‌లో చిప్పు సామర్థ్యం అంతకన్నా చాలా తక్కువ కాబట్టి నిజానికి రోజంతా పట్టొచ్చు. అందుకే వోల్టేజీ 2.4 కి దిగగానే కబుర్లు గంటకొకటికి తగ్గించేలా ప్రోగ్రామ్ రాసుకోండి. అయినా ఆగిపోతే సెన్సర్‌ని ఎండ పడే కిటికీలో కొద్ది నిమిషాలు పెట్టి తెచ్చి మళ్ళీ గోడకి తగిలించండి, వీలైతే గోడకి కాదు, బల్ల మీద పైకి చూసేలా పెట్టండి, సీలింగ్ లైటు అక్కడే ఎక్కువ పడుతుంది.