డేనియల్స్ మీద వాషింగ్టన్ ఇంత ఆశ ఎందుకు పెట్టుకుంది

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వాషింగ్టన్ కమాండర్స్ 2023 సీజన్‌లో 17 మ్యాచ్‌లు ఆడి నాలుగే గెలిచింది. మరుసటి ఏడాది పన్నెండు గెలిచి, లీగ్ విజేతను తేల్చే సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దిగువన ఉండే కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ రెండు సీజన్ల మధ్య జట్టులో ఎన్నో మార్పులు జరిగినా జనం నోట నానిన పేరు ఒక్కటే: జేడెన్ డేనియల్స్. కళాశాల ఆట ముగించుకుని అప్పుడే వచ్చిన 23 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్. 2025లో మోకాలు, తొడ కండరం, మోచేయి ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతినడంతో అతడు ఏడు మ్యాచ్‌లే ఆడగలిగాడు. జట్టు అయిదు విజయాలు, పన్నెండు ఓటములతో మళ్లీ కిందికి జారింది. ఒక కుర్రాడు మైదానంలో ఉంటే పండగ, లేకపోతే చీకటి అన్నట్టు ఒక మహానగరం ఎందుకు మారిపోయిందో తెలియాలంటే డేనియల్స్ గురించి తెలిస్తే చాలదు. ఆ జట్టు గతం తెలియాలి.

ఈ ఆట తెలియని వారికోసం రెండు మాటలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడికి దిగిన జట్టు బంతి దాదాపు ప్రతిసారీ ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. దాన్ని ఎవరికి విసరాలి, ఎవరి చేతికి అందించాలి, తానే పట్టుకుని పరుగెత్తాలా అన్నది అతడు రెండు మూడు సెకన్లలో తేల్చాలి. ఆ లోపే వంద కిలోలు దాటిన మనుషులు అతడిని పడగొట్టడానికి దూసుకొస్తుంటారు. ఈ జట్టు సొంత మైదానం మేరీలాండ్‌లోని ల్యాండోవర్‌లో ఉన్నా, కార్యాలయం, శిక్షణ కేంద్రం వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉన్నాయి. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన లౌడన్ కౌంటీలోని ఊరే అది. అక్కడ బడికి వెళ్లే మన పిల్లల చొక్కాల మీద డేనియల్స్ అయిదో నంబరు కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

కొత్త ఆటగాడి మీద ఇంత ఆశ పెట్టుకోవడం వెనుక లెక్కలు కూడా ఉన్నాయి. ఐపీఎల్ వేలంలో డబ్బున్న జట్టు పాట పాడి ఆటగాడిని దక్కించుకుంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కళాశాల ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అలా కాదు, ముందటి ఏడాది అట్టడుగున నిలిచిన జట్టుకే తొలి ఎంపిక. పైగా ప్రతి జట్టూ ఆటగాళ్ల జీతాలకు ఖర్చు పెట్టగలిగే మొత్తానికి పరిమితి ఉంది. 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. ఆ ఏడాది డాలస్ జట్టు తన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు ఏటా సగటున 6 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. డేనియల్స్ నాలుగేళ్ల ఒప్పందం మొత్తం కలిపినా సుమారు 3.77 కోట్లే. కొత్తవారి జీతాలకు 2011లో వచ్చిన కట్టుబాటు ఫలితమిది. మంచి క్వార్టర్‌బ్యాక్ చౌకగా దొరికిన ఆ నాలుగైదేళ్లలో మిగిలిన సొమ్ముతో చుట్టూ బలమైన జట్టును కట్టుకోవచ్చు. అతడి జీతం పెరిగాక ఆ వెసులుబాటు ఉండదు. అందుకే ఈ గడువును వృథా చేసుకున్న యాజమాన్యాన్ని అభిమానులు అంత తేలిగ్గా క్షమించరు.

వాషింగ్టన్‌లో ఈ జట్టు కథ మొదలైందే ఒక కొత్త కుర్రాడితో. బోస్టన్‌లో 1932లో పుట్టిన జట్టును యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ 1937లో రాజధానికి తీసుకొచ్చాడు. ఆ ఏడాదే టెక్సస్ నుంచి శామీ బా వచ్చి చేరాడు. బంతితో పరుగెత్తడమే అసలు ఆట అనుకునే రోజుల్లో, విసిరి గెలవవచ్చని చూపించినవాడు అతడు. షికాగోలో బేర్స్‌తో జరిగిన ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో మూడు టచ్‌డౌన్ పాస్‌లు (ప్రత్యర్థి చివరి గీత అవతల స్కోరు తెచ్చే విసుర్లు) విసిరి 28–21తో గెలిపించాడు. కొత్త ఊళ్లో కొత్త ఆటగాడు మొదటి ఏడాదే కప్పు తెచ్చిపెట్టాడు. మొత్తం పదహారు సీజన్ల పాటు బా అక్కడే ఆడాడు.

అదే మార్షల్ తన జట్టులో నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసేశాడు. లీగ్‌లో మిగిలిన జట్లన్నీ తీసుకున్నా వాషింగ్టన్ మాత్రం 1962 దాకా ఒక్కరినీ తీసుకోలేదు. నల్లజాతివారు సగానికి పైగా ఉన్న నగరంలో ఇది జరిగింది. కొత్త స్టేడియం ఫెడరల్ భూమిలో ఉండటంతో, కెనడీ ప్రభుత్వంలో ఆ భూములను చూసే ఇంటీరియర్ శాఖ మంత్రి స్టువర్ట్ యుడాల్ వివక్ష మానకపోతే అందులో ఆడనివ్వబోమని హెచ్చరించాక గానీ మార్షల్ దిగిరాలేదు. అలా వచ్చినవాడు బాబీ మిచెల్. ప్రతిభను కాలదన్నుకున్న ఆ ఏళ్లలో జట్టు ఎక్కువగా ఓడుతూనే ఉంది. ఆటలో వెనకబడటానికి ఆటేతర కారణాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలంటే ఈ ఘట్టాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు.

ఆ మచ్చను కొంతైనా కడిగింది 1988 జనవరి 31. శాన్‌డియేగోలో జరిగిన సూపర్ బౌల్‌లో వాషింగ్టన్ డెన్వర్‌ను 42–10తో ఓడించింది. ఆటలోని నాలుగు భాగాల్లో రెండోదైన రెండో క్వార్టర్‌లోనే 35 పాయింట్లు. నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరిన డగ్ విలియమ్స్, సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌గా నిలిచాడు. కోచ్ జో గిబ్స్ కాలం అది. గిబ్స్ మూడు సూపర్ బౌల్‌లు గెలిచాడు, మూడింటిలోనూ క్వార్టర్‌బ్యాక్‌లు వేరు: జో థైస్‌మన్, విలియమ్స్, మార్క్ రిపియన్. మారనిది క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి దెబ్బలు కాచే రక్షణ వరుస. హాగ్స్ అని ముద్దుపేరు పెట్టుకున్న ఆ భారీకాయుల కోసం అభిమానులు పంది ముక్కులు తగిలించుకుని స్టేడియానికి వచ్చేవారు. రక్షణ బలంగా ఉంటే క్వార్టర్‌బ్యాక్ ఎవరైనా గెలవొచ్చని ఆ ఊరు కళ్లారా చూసింది. మూడో సూపర్ బౌల్ 1992 జనవరిలో వచ్చింది. నాలుగోది ఇప్పటికీ రాలేదు.

1999లో 34 ఏళ్ల డాన్ స్నైడర్ 80 కోట్ల డాలర్లకు జట్టును, స్టేడియాన్ని కొన్నాడు. చిన్నప్పటి నుంచి ఆ జట్టు అభిమాని. అతడి 24 ఏళ్ల ఏలుబడిలో జట్టు గెలిచిన ప్లేఆఫ్ మ్యాచ్‌లు రెండే. కోచ్‌లు వస్తూ పోతూ ఉండేవారు. పేరు మోసిన ఆటగాళ్లకు వయసు మీరాక కోట్లు పోసేవారు. కార్యాలయంలో మహిళా ఉద్యోగుల పట్ల లైంగిక వేధింపుల ఆరోపణలు 2020లో పత్రికలకెక్కాయి. లీగ్ విచారణ, జరిమానా, ఆపైన అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ కమిటీ విచారణ కూడా జరిగాయి. ఆదివాసులను కించపరిచే రెడ్‌స్కిన్స్ అన్న పాత పేరును ఎన్నటికీ మార్చబోనన్న స్నైడర్, ప్రాయోజకులు ఒత్తిడి పెంచాక అదే ఏడాది మార్చక తప్పలేదు. స్టేడియం శిథిలమవుతూ వచ్చింది. 2022 జనవరిలో ఫిలడెల్ఫియా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ నడిచి వెళ్తుండగా రెయిలింగ్ ఊడి అభిమానులు అతడి పక్కనే పడిపోయారు.

ఈ చీకటి మధ్యలో ఒక్క సంవత్సరం వెలిగింది: 2012. కళాశాల ఆటగాళ్లలో ఉత్తముడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్‌ను డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా దక్కించుకోవడానికి వాషింగ్టన్ మూడు తొలి రౌండ్ ఎంపికలు, ఒక రెండో రౌండ్ ఎంపిక సెయింట్ లూయిస్ జట్టుకు ఇచ్చేసింది. గ్రిఫిన్ ఆ ధరకు తగినట్టే ఆడాడు. బంతి విసరడం ఒక ఎత్తు, కాళ్లతో పరుగెత్తి సాధించిన 815 గజాలు మరో ఎత్తు. తొలి ఏడాది క్వార్టర్‌బ్యాక్‌లలో అప్పటికి అదే రికార్డు. జట్టు చివరి ఏడు మ్యాచ్‌లూ గెలిచి, 1999 తర్వాత మొదటిసారి తన డివిజన్‌లో అగ్రస్థానం అందుకుంది. డిసెంబర్‌లో బాల్టిమోర్‌తో మ్యాచ్‌లో మాత్రం అతడి కుడి మోకాలు బెణికింది.

2013 జనవరి 6న సొంత మైదానంలో సియాటెల్‌తో ప్లేఆఫ్. గ్రిఫిన్ రెండు టచ్‌డౌన్ పాస్‌లు విసిరి తొలి క్వార్టర్‌లోనే జట్టుకు 14–0 ఆధిక్యం ఇచ్చాడు. ఆ క్వార్టర్‌లోనే మోకాలు మళ్లీ తిరగబడింది. కుంటుతున్నాడని స్టేడియంలో చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా కనిపించింది. బాగానే ఉన్నానన్నాడు గ్రిఫిన్. సరేనన్నాడు కోచ్ మైక్ షానహన్. నాలుగో క్వార్టర్‌లో, పాడైపోయిన ఆ పచ్చిక మీద, కింద దొర్లిన బంతి కోసం వంగినప్పుడు ఆ కాలు పూర్తిగా మడత పడింది. స్నాయువులు తెగిపోయాయి. 24–14తో ఓటమి. అతడు మళ్లీ మునుపటి ఆటగాడు కాలేదు. మరుసటి సీజన్‌లో మూడే విజయాలు, షానహన్ ఉద్యోగం పోయింది. 2014 డిసెంబర్‌లో సెయింట్ లూయిస్ వాషింగ్టన్‌కు వచ్చినప్పుడు, గ్రిఫిన్‌కు బదులుగా దొరికిన ఎంపికలతో సంపాదించుకున్న ఆటగాళ్లనే కెప్టెన్లుగా టాస్‌కు పంపింది. ఆ మ్యాచ్‌లో 24–0తో గెలిచింది కూడా. అంతకన్నా పెద్ద అవమానం ఆ స్టేడియంలో జరిగి ఉండదు.

22 ఏళ్ల యువకుడు ఆడతానంటాడు, అది అతడి వయసు లక్షణం. ఆపాల్సింది పెద్దలు. గ్రిఫిన్ విషయంలో నా బాధంతా అదే. దానికి అతడినే తప్పుపట్టిన విశ్లేషణలు ఎన్ని చదివినా నాకు మింగుడు పడలేదు.

ఆ తర్వాతివి తడుముకున్న ఏళ్లు. గ్రిఫిన్‌తో పాటే నాలుగో రౌండ్‌లో వచ్చిన కర్క్ కజిన్స్ నిలదొక్కుకున్నా, యాజమాన్యం దీర్ఘకాల ఒప్పందం తేల్చుకోలేక అతడిని పోగొట్టుకుంది. తర్వాతి క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ కాలు 2018 నవంబర్ 18న విరిగింది. అంతకు సరిగ్గా 33 ఏళ్ల ముందు అదే తేదీన థైస్‌మన్ కాలు విరిగింది. 2017 నుంచి 2024 దాకా ఎనిమిది సీజన్ల తొలి మ్యాచ్‌లకు ఎనిమిది మంది వేర్వేరు క్వార్టర్‌బ్యాక్‌లు దిగారు. 2023లో శామ్ హోవెల్‌ను ప్రత్యర్థులు 65 సార్లు పడగొట్టారు, లీగ్‌లో అదే అత్యధికం.

2023 జులైలో జాష్ హారిస్ బృందం 605 కోట్ల డాలర్లకు జట్టును కొనుక్కుంది. ఊరు ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఆడమ్ పీటర్స్ జనరల్ మేనేజర్‌గా, డాన్ క్విన్ కోచ్‌గా వచ్చాక, 2024 ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో వాషింగ్టన్ వంతు రెండోది. షికాగో మొదట కేలబ్ విలియమ్స్‌ను తీసుకుంది. వాషింగ్టన్ డేనియల్స్‌ను ఎంచుకుంది. గ్రిఫిన్ లాగే హైస్మన్ విజేత, గ్రిఫిన్ లాగే రెండో ఎంపిక, గ్రిఫిన్ లాగే పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్. లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)లో చివరి ఏడాది 40 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి, 1,134 గజాలు పరుగెత్తాడు. బక్కపలచని మనిషి, తగలకూడని దెబ్బలు తగిలించుకుంటాడన్న భయం అప్పటికే ఉంది.

సెప్టెంబర్‌లో సిన్సినాటితో సోమవారం రాత్రి మ్యాచ్‌లో 23 పాస్‌లు విసిరితే 21 చేరాల్సినవారికి చేరాయి. అక్టోబర్ 27న షికాగోతో ఆట చివరి క్షణంలో, 12–15తో వెనకబడి ఉండగా, వెనక్కీ పక్కకీ పరుగెత్తుతూ అందరినీ తప్పించుకుని బంతిని ఆకాశంలోకి విసిరాడు. గుంపులో ఎవరి చేతికో తగిలి ఎగిరిన బంతి వెనకాల ఒంటరిగా నిలబడ్డ నోవా బ్రౌన్ చేతుల్లో పడింది. ఆ స్టేడియం అంతగా ఊగిపోయి ఎన్నేళ్లయిందో. సీజన్ ముగిసేసరికి 3,568 గజాల పాస్‌లు, 891 గజాల పరుగు. గ్రిఫిన్ రికార్డు చెరిగిపోయింది. ఉత్తమ నూతన ఆటగాడి అవార్డు అతడిదే. జనవరిలో టాంపాలో ఆట చివరన వాషింగ్టన్ తన్నిన బంతి గోల్ స్తంభానికి తగిలి లోపలికే పడి 23–20తో గెలుపు దక్కింది. పందొమ్మిదేళ్లకు వచ్చిన ప్లేఆఫ్ విజయమది. తర్వాత డెట్రాయిట్‌ను 45–31తో ఓడించి, ఫిలడెల్ఫియా చేతిలో 55–23తో ఓడింది. తొలి ఏడాది క్వార్టర్‌బ్యాక్‌లలో కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వచ్చినవారిలో డేనియల్స్ ఆరోవాడు. ఆరుగురూ అక్కడే ఆగిపోయారు.

యాజమాన్యం ఈసారి చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2025లో హ్యూస్టన్ నుంచి రక్షణ వరుసకు లారమీ టన్సిల్‌ను తెచ్చింది, డ్రాఫ్ట్‌లో తొలి ఎంపికనూ ఆ వరుసకే ఖర్చు చేసింది. హాగ్స్ పాఠం ఎవరో గుర్తుంచుకున్నారనిపించింది. కానీ నవంబర్ 2న, గ్రిఫిన్ కూలిన అదే స్టేడియంలో, అదే సియాటెల్ మీద 38–7తో వెనకబడి ఉండగా, నాలుగో క్వార్టర్‌లో డేనియల్స్ ఇంకా మైదానంలోనే ఉన్నాడు. పడిపోతూ చేయి నేలకు ఆనించాడు, ఎడమ మోచేయి కీలు తప్పింది. గెలిచే దారి ఎప్పుడో మూసుకుపోయిన మ్యాచ్ అది. అతడిని ఉంచడం తన తప్పేనని క్విన్ మర్నాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు గౌరవిస్తాను, ఆ నిర్ణయాన్ని మాత్రం సమర్థించలేను. గ్రిఫిన్ కథ తెలిసిన ఊళ్లో ఆ నిమిషాన అతడిని బయటకు పిలవాలని చెప్పేవారు ఒక్కరైనా కోచ్ పక్కన ఉండాల్సింది.

డేనియల్స్ తొలి ఒప్పందంలో మిగిలినవి 2026, 2027 సీజన్లు. అయిదో ఏడాదికి పొడిగించుకునే హక్కును వాడుకోవాలో లేదో జట్టు 2027 మే నెలలో తేల్చాలి. అప్పటికి అతడికి 26 ఏళ్లుంటాయి. 2015 సీజన్‌లో ఒక్క నిమిషమైనా ఆడించకుండా, 2016 మార్చిలో వాషింగ్టన్ వదిలేసుకున్ననాడు గ్రిఫిన్ వయసూ అంతే.