కౌబాయ్ ప్రేమకథలు: అపోహలు, వాస్తవాలు, ఒక 8 డాలర్ల లెక్క

నేను వెస్టర్న్ హిస్టారికల్ రొమాన్సులు రాస్తాను. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిశాక కాన్సాస్, టెక్సస్ వైపు నడిచే కథలు. భర్త పోయిన ఆమె, యుద్ధం నుంచి సగమే తిరిగొచ్చిన అతను, మధ్యలో కొంత పొలం. "గుర్రాల మీద ప్రేమకథలు రాస్తారట కదా" అని పెళ్ళిళ్ళలో పలకరించేవాళ్ళకు నేను చెప్పే జవాబులే ఇవి.

అపోహ: పేజీకో తుపాకీ పేలాలి.

మన కౌబాయ్ సినిమాల పుణ్యం. నిజానికి ఆ రోజుల్లో డాడ్జ్ సిటీ, విచిటా లాంటి పశువుల వ్యాపారం సాగే ఊళ్ళలో తుపాకీ వేసుకుని తిరగడం నిషేధం. ఊళ్ళోకి రాగానే అప్పజెప్పాలి. 1881 అక్టోబరు 26న అరిజోనాలోని టూంబ్‌స్టోన్ అనే ఊళ్ళో జరిగిన ప్రసిద్ధమైన కాల్పులు కూడా అలాంటి నిషేధం అమలు చేయబోతే మొదలైనవే. అర నిమిషంలో అయిపోయాయి. దానికి ముప్పై పేజీలు రాయమంటే నావల్ల కాదు.

అపోహ: కౌబాయ్ అంటే తెల్లవాడు.

నలుగురిలో ఒకరు నల్లజాతివాళ్ళని చరిత్రకారుల అంచనా. మెక్సికన్లైతే వీళ్ళందరికీ గురువులు. రాంచ్ (పశువుల్ని పెంచే పెద్ద పొలం), రోడియో (గుర్రాలు, పశువులతో ఆడే పోటీ), లాసో (పశువుల్ని పట్టే ఉచ్చుతాడు) అన్నీ స్పానిష్ నుంచి వచ్చిన మాటలే.

అపోహ: ఆమె ప్రేమ చాలు, అతని గాయం మానిపోతుంది.

కొత్తగా రాసేవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. నేనూ పడ్డాను. నా మొదటి నవలలో హీరోకు ఐదేళ్ళుగా వస్తున్న పీడకలలు పెళ్ళినాటి రాత్రితో ఆగిపోయాయి. ఒక పాఠకురాలు, నర్సు, ఉత్తరం రాశారు: "మామూలు జ్వరానికే ఇంతకంటే ఎక్కువ టైము పడుతుందండీ."

సిగ్గుపడి చదవడం మొదలుపెట్టాను. 1871లో జేకబ్ డకోస్టా అనే వైద్యుడు సైనికుల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటాయి, గుండెను పరీక్షిస్తే మాత్రం లోపమేమీ దొరకదు. దానికి 'సైనికుడి గుండె' అనే పేరు స్థిరపడింది. ఆ ఏడాదే వీర్ మిచెల్ అనే మరో వైద్యుడు, తీసేసిన కాలు ఇంకా ఉన్నట్టే అనిపించడానికి, నొప్పి పెట్టడానికి 'ఫాంటమ్ లింబ్' (లేని అవయవం) అని పేరు పెట్టాడు. ఆ నొప్పికి అందుబాటులో ఉన్నది లాడనం, అంటే సారాలో కరిగించిన నల్లమందు. డాక్టరు చీటీ అక్కర్లేకుండా దుకాణంలో దొరికేది. అలవాటైతే వదిలేది కాదు. ఇప్పుడు నా హీరో ఆ సీసాను గుర్రం దాణా మూటలో దాస్తాడు. హీరోయిన్‌కు తెలుసు. అడగదు, సీసాలో ఎంత తగ్గిందో చూసుకుంటుంది. కోలుకోవడమంటే నా పుస్తకాల్లో ఇప్పుడు ఆ సీసా తరగడం నెమ్మదించడమే.

అపోహ: విస్కీ తాగించి తూటా తీసేవాళ్ళు.

ఈథర్ 1846లో, క్లోరోఫాం 1847లో వచ్చాయి. అంతర్యుద్ధంలో రెండూ విరివిగా వాడారు. లేనిది చేతులు కడుక్కునే అలవాటు. గాయాల్లో క్రిములు చేరకుండా చూసే పద్ధతిని లిస్టర్ అనే బ్రిటిష్ సర్జన్ 1867లో ప్రచురించినా అమెరికా వైద్యులు చాలామంది చాలాకాలం నమ్మలేదు. 1881లో తూటా తగిలిన ప్రెసిడెంట్ గార్ఫీల్డ్ గాయంలోనే కడగని వేళ్ళు పెట్టి వెతికారు. రెండున్నర నెలలకు ఆయన పోయాడు. కాబట్టి 1868 నాటి కాన్సాస్ పల్లె డాక్టరు కత్తిని మరిగే నీళ్ళలో వేసే సీను రాసుంటే కొట్టేయండి.

అపోహ: రెండో పెళ్ళికి లోకం అడ్డుపడేది.

మన కళ్ళతో చూస్తే అలాగే అనిపిస్తుంది. టూంబ్‌స్టోన్ కాల్పులు జరిగిన ఏడాదే, డిసెంబరు 11న, రాజమండ్రిలో వీరేశలింగం గారు అంత వ్యతిరేకత మధ్య తొలి వితంతు వివాహం జరిపించారు. అమెరికాలో చట్టం కాదనలేదు, చర్చి కాదనలేదు. అడ్డుపడింది డబ్బు. 1862 చట్టం ప్రకారం, యుద్ధంలో పోయిన ఉత్తరాది మామూలు సిపాయి భార్యకు నెలకు 8 డాలర్ల పింఛను. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోతుంది. అందుకని కొందరు పెళ్ళి మాటెత్తకుండా కాపురం పెట్టేవాళ్ళు. అది చూసి 1882లో, అలా ఉన్నా పింఛను రద్దేనని ఇంకో చట్టం తెచ్చారు.

భూమిదీ అదే కథ. అదే 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం కింద వితంతువు తన పేరనే 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే సొంతం. భర్తతో కాపురం చేస్తున్న ఆడమనిషికి ఆ వీలు లేదు. ఇంత తెలిశాక, "నన్ను పెళ్ళి చేసుకుంటారా" అని అతను అడిగితే ఆమె తలదించుకుందని ఎలా రాయను? వేళ్ళమీద లెక్కపెట్టుకుంటోందని రాస్తాను. కొందరు పాఠకులకు ఇది నచ్చదు, ప్రేమలో లెక్కలేమిటని. ఒంటరిగా నాలుగు చలికాలాలు నెట్టుకొచ్చిన మనిషి లెక్క వేయకపోతేనే నాకు నమ్మకం కుదరదు.

ఇప్పుడు రాస్తున్న సీరియల్లో ఆమె సూటిగానే అడిగింది: "నెలనెలా ఆ ఎనిమిది డాలర్లు మీరిస్తారా?" అతను తనకున్నవి చెప్పాడు, రెండు ఆవులు, ఒక కాలు. ఆమె ఇంకా జవాబివ్వలేదు. వచ్చే వారం రాయాలి.