ఎలుకకు షుగర్ తగ్గింది సరే, ఎందుకు తగ్గింది?

పొడపత్రి ఆకు రెండు నమిలి, చిటికెడు చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక తిన్నట్టు ఉంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను కాసేపు మూసేస్తాయి. శేషాచలం చుట్టుపక్కల ఊళ్లలో ఇది చిన్నపిల్లలకూ తెలిసిన వింతే. 'చక్కెరనే చంపేసే ఆకు షుగర్ జబ్బును చంపదా' అన్న నమ్మకం అక్కడే పుట్టి ఉంటుంది. కానీ నాలుకకు తీపి తెలియకపోవడం వేరు, రక్తంలో గ్లూకోజు తగ్గడం వేరు. రెండోది నిజమని తేల్చాలంటే చాలా పని ఉంది. అంకె తగ్గించడం అందులో తేలికైన భాగం. అది మందు వల్లే తగ్గింది, మరి దేనివల్లా కాదని చూపించడమే కష్టం.

పని మొక్కతోనే మొదలవుతుంది. తిరుపతి మూలికల అంగట్లో పొట్లం కట్టిచ్చిన ఎండాకు పరీక్షకు పనికిరాదు. అది పొడపత్రో, అదే జిల్లేడు కుటుంబపు మరో తీగో పొడి చూసి చెప్పలేం. పూతో కాయో ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టి, వృక్షశాస్త్రజ్ఞుడితో గుర్తింపజేసి, నంబరు వేయించి హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కల భాండారంలో, దాచాలి. పదేళ్ల తర్వాత ఎవరైనా అనుమానిస్తే చూపించడానికి ఆ కొమ్మే సాక్ష్యం. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు; అక్కడి అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా కోయకూడదు. కోసిన నెల కూడా రాసుకోవాలి. ఎండాకాలపు ఆకులోనూ వానల తర్వాతి ఆకులోనూ ఒకే మోతాదులో పదార్థాలు ఉండవు. ఒక ప్రయోగశాల ఫలితం ఇంకో చోట రాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఆకును నీడలో ఆరబెట్టి, మరీ మెత్తగా కాకుండా పొడి చేస్తారు. పిండిలా చేస్తే, ద్రావణిని మళ్లీ మళ్లీ పంపి సారం లాగే సాక్స్‌లెట్ పరికరంలో గడ్డకట్టి ద్రావణి కిందికి దిగదు. ముందు హెక్సేన్‌తో కొవ్వును చాలావరకూ పచ్చదనాన్ని కొంతా తీసేసి, తర్వాత మిథనాల్‌తో, దిగే ద్రవం రంగు లేకుండా వచ్చేదాకా నడపాలి. ఆపైన 40 డిగ్రీల దగ్గర పీడనం తగ్గించి ఆవిరి చేస్తే జిగురుగా సారం మిగులుతుంది. దాన్ని తూకం మారకుండా నిలబడేదాకా ఆరబెట్టాలి. లేకపోతే మిగిలిపోయిన మిథనాల్ కూడా ఎలుక కడుపులోకి పోతుంది, కాలేయం చెడితే ఆ నింద ఆకు మీద పడుతుంది. జనం తాగేది కషాయం కాబట్టి నీటి సారం కూడా విడిగా తీయాలి. ఈ పని చాలామంది దాటేస్తారు, ఎందుకంటే నీటి సారం రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. వెంటనే గడ్డకట్టించి శూన్యంలో ఆరబెడితే ఆ బెడద ఉండదు.

తర్వాత గాజునాళికలో పరీక్ష. పిండిపదార్థాన్ని పేగులో గ్లూకోజుగా విడగొట్టే ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఎంజైమును సారం ఎంత ఆపుతుందో చూస్తారు. పీహెచ్ 6.8, 37 డిగ్రీలు, ఎంజైము విడగొడితే పసుపు రంగు తేలే పదార్థం, 405 నానోమీటర్ల దగ్గర కొలత. చూడ్డానికి సులువే, గుంతలు మాత్రం మూడు. సారమే పసుపుపచ్చగా ఉంటే ఎంజైము లేని నాళికలో దాని రంగు విడిగా కొలిచి తీసేయాలి. రెండోది టానిన్లు: కరక్కాయ, తంగేడు బెరడు లాంటి వగరు సరుకుల్లో ఇవి ఏ ప్రోటీన్‌నైనా పట్టుకుని పేరుకునేలా చేస్తాయి. ఎంజైము ఆగినట్టే కనిపిస్తుంది, నిజానికి ముద్ద కట్టి ఉంటుంది. సబ్బులాంటి ట్రైటాన్ కొంచెం కలిపితే నిరోధం మాయమైందా, అది మందు గుణం కాదని తెలుసుకోవాలి. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. అంగట్లో దొరికే ఎంజైము సాధారణంగా ఈస్టుది. పోలికకు వాడే అకార్బోస్ మాత్ర మన పేగు ఎంజైమును బలంగా ఆపుతుంది కానీ ఈస్టు ఎంజైము మీద బలహీనం. అందుకే 'మా సారం అకార్బోస్ కంటే ఎన్నో రెట్లు మేలు' అన్న వాక్యం అంత తరచుగా కనిపిస్తుంది. ఎలుక పేగు నుంచి తీసిన ఎంజైముతో మళ్లీ చేస్తే ఆ గొప్ప చాలావరకు కరిగిపోతుంది.

ఇక ఎలుకలు. జంతు నైతిక సంఘం అనుమతి వచ్చాక, ముందు సారం విషమా కాదా అని కొద్ది ఎలుకల్లో కిలో బరువుకు 2000 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూస్తారు. ఆ తర్వాత షుగర్ తెప్పించడానికి స్ట్రెప్టోజోటోసిన్ వాడతారు. ఇది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లోకి గ్లూకోజు దారినే దూరి వాటి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. చల్లటి సిట్రేట్ బఫరులో, పీహెచ్ 4.5 దగ్గర, అప్పటికప్పుడు కలిపి వెంటనే ఎక్కించాలి. ఆలస్యమైతే మందు విరిగిపోతుంది, సగం ఎలుకలకు షుగర్ రాదు. ఎక్కించిన మొదటి రోజు ఇంకో ప్రమాదం ఉంది. చచ్చే కణాల నుంచి ఇన్సులిన్ ఒక్కసారిగా బయటపడి గ్లూకోజు పాతాళానికి దిగుతుంది. ఆ రాత్రి తాగేనీళ్లలో 5 నుంచి 10 శాతం గ్లూకోజు కలపకపోతే తెల్లారేసరికి బోనులో ఎలుకలు చచ్చి ఉంటాయి. 72 గంటలు గడిచాక పరగడుపున చూసి, డెసీలీటరుకు 250 మిల్లీగ్రాములు దాటినవాటినే తీసుకోవాలి. వాటిని కూడా అంకెలు సమంగా పంచుకునేలా గుంపులు చేయాలి. ఎక్కువ షుగర్ ఉన్నవన్నీ ఒకే గుంపులో పడితే ఫలితం అప్పుడే చెడిపోయినట్టు.

సారం ఎప్పుడు మొదలుపెట్టారన్నది పెద్ద తేడా. స్ట్రెప్టోజోటోసిన్ విషం ఎక్కించకముందే సారం పట్టిస్తే, అందులోని యాంటీఆక్సిడెంట్లు ఆ విషాన్ని కొంత అడ్డుకుంటాయి. అప్పుడు షుగర్ రాకపోవడం రక్షణ అవుతుంది, వైద్యం కాదు. ఆసుపత్రికి వచ్చే మనిషికి షుగర్ అప్పటికే ఉంటుంది కదా. ఇంకోటి, చేదు సారం పట్టిస్తే ఎలుక తిండి తగ్గిస్తుంది. తిండి తగ్గితే షుగరూ తగ్గుతుంది. రోజూ మేత తూచి, అంతే మేత పెట్టి సారం ఇవ్వని గుంపు ఒకటి పక్కన ఉంచితే తప్ప ఈ చిక్కు విడిపోదు. పోలికకు, ఇన్సులిన్‌ను విడుదల చేయించే గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర ఇవ్వడం ఆనవాయితీ. ఆ మాత్ర పనిచేయాలంటే బీటా కణాలు మిగిలి ఉండాలి. అది బాగా పనిచేసిందంటే కణాలు పూర్తిగా చావలేదన్నమాట, సారం గురించిన తీర్పూ ఆ లెక్కలోనే ఇవ్వాలి. మన ఊళ్లలో ఎక్కువగా ఉండే టైప్ 2కు దగ్గరి నమూనా కావాలంటే, కొవ్వు మేత కొన్ని వారాలు పెట్టి తక్కువ మోతాదు స్ట్రెప్టోజోటోసిన్ ఇవ్వడం మేలు.

కొలిచే పద్ధతీ మోసం చేయగలదు. గ్లూకోజు ఆక్సిడేజ్ పరీక్షలో రంగు రావడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. రక్తంలో యాంటీఆక్సిడెంట్లు ఎక్కువైతే ఆ పెరాక్సైడ్‌ను అవి తినేస్తాయి, అంకె ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది.

ఇవన్నీ వట్టి అనుమానాలు కావు. యేగి చెట్టు, అంటే వేగిస, మన ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. దాని బెరడులోని ఎపికాటెకిన్ అనే పదార్థం చచ్చిన బీటా కణాలను మళ్లీ మొలిపిస్తుందని 1980ల మొదట్లో గట్టిగా ప్రకటించారు. ఇతర ప్రయోగశాలలు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అప్పుడు షుగర్ తెప్పించడానికి వాడింది అలాక్సాన్, అదీ బీటా కణాలను చంపే రసాయనమే; అలాక్సాన్ ఇచ్చిన ఎలుకల్లో కొన్ని ఏ మందూ లేకుండానే కోలుకుంటాయి. శేషాచలంలో పెరిగే మొగి చెట్టు (నేరేడుకు చుట్టం) గింజల మీద తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పని 2001లో అచ్చయింది. ఎలుకల్లో షుగర్ తగ్గిందని తేలింది. మంచి మొదలే. అక్కడి నుంచి మనిషి దాకా దారి చాలా ఉంది.

ఎంత ఉందో లెక్క వేద్దాం. ఎలుకకు కిలోకు 250 మిల్లీగ్రాములు ఇచ్చారనుకోండి. మనిషికి మార్చాలంటే, ఒంటి ఉపరితలం లెక్కన, దాన్ని 6.2తో భాగించాలి: కిలోకు 40 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు 2.4 గ్రాముల సారం. నూరు గ్రాముల పొడికి పది గ్రాముల సారం వస్తే, రోజుకు 24 గ్రాముల ఎండాకు. కాబట్టి ఎలుక మోతాదు కిలోకు గ్రాము, రెండు గ్రాములు అని ఉన్న పత్రం కనిపిస్తే మందు గురించి ఆశ పెట్టుకోనక్కర్లేదు. అంత ఆకు ఎవరూ తినలేరు, అన్ని చెట్లు కొండ మీదా లేవు.

మనుషుల్లో పరీక్ష జరిగిన కొద్ది మూలికల్లో యేగి ఒకటి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కొత్తగా షుగర్ తేలిన 97 మందికి 12 వారాలు ఇచ్చి చూస్తే 67 మందికి అదుపులోకి వచ్చిందని 1998లో రాశారు. అయితే అందులో ఉత్త మాత్రలు మింగిన గుంపు లేదు. కొత్తగా షుగర్ తేలినవాళ్లు భయంతో తిండి మార్చుకుంటారు, నడక మొదలుపెడతారు. ఆ మార్పు వాటా ఎంతో ఇలాంటి పరీక్ష చెప్పలేదు. ఆ తర్వాత టాల్బ్యుటమైడ్ అనే షుగర్ మాత్రతో పోలుస్తూ, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా చేసిన పరీక్ష 2005లో అచ్చయింది. ఏ మూలికకైనా ఇలాంటిదే కావాలి, అదీ పరగడుపు అంకెతో కాకుండా, కనీసం మూడు నెలల తర్వాత చూసిన హెచ్‌బీఏ1సీతో, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షతో.

అంగట్లో పొడి కొని వాడుతున్నవాళ్లకు ఆకస్మికంగా షుగర్ బాగా పడిపోయిందంటే, ముందు చేయించాల్సిన పరీక్ష ఆ పొడికి. గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ లాంటి మాత్రలు నూరి కలిపిన 'మూలికా' పొడులు పట్టుబడటం కొత్తేమీ కాదు. పలకమీద పూసిన సిలికాపై పొడి సారాన్నీ అసలు మాత్రనూ పక్కపక్కన పరిగెత్తించి చూస్తే అనుమానం బయటపడుతుంది. అక్కడ మచ్చ కనబడితే నిర్ధారణకు, కలిసిన పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపాలి. పొడి వాడేవాళ్లు ఇన్సులినో గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రో కూడా తీసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.